ఓడ దాటిపోయాక

నేను పుట్టింది గోదావరి లంకలో. ఈ మాట ఇంతవరకూ చాలామందితో చాలాసార్లు అన్నాను. అన్నప్పుడల్లా కాస్త ఛాతీ విరుచుకునే అన్నాను. ఏటి ఒడ్డున పుట్టినవాడికి నీటి గుణం ఒకరు చెప్పనక్కర్లేదనీ, ఈత దానంతటదే వస్తుందనీ మా వైపు ఒక నమ్మకం. తీరా చూస్తే నాకు ఈత నేర్పింది మా నాన్నగారు, అదీ నడుముకి రెండు ఎండు సొరకాయబుర్రలు కట్టి. ఆ బుర్రల సంగతి మాత్రం ఎవరితోనూ అనేవాణ్ణి కాదు.

మా లంక రేవు పక్కగా లాంచీ వెళ్ళేది. దాని టుకుటుకు చప్పుడు మైలు దూరాన వుండగానే వినబడేది. పిల్లలం పుస్తకాలు ఇసకలో పడేసి నీళ్ళలోకి దూకేవాళ్ళం. లాంచీ దాటిపోయాక దాని అల రెండు పాయలుగా విడి, ఒక పాయ మా ఒడ్డుకి వచ్చేది. మొదటి అలకి మోకాళ్ళు తడిసేవి, రెండోదానికి నడుము, మూడోదానికి అందరం కలిసి ఒక్క కేక. సరంగు తల బయటపెట్టి తిట్టేవాడు. ఆ తిట్లు కూడా ఆటలో భాగమే. పడవ వెళ్తుంది, అల వస్తుంది, గెంతుతాం. నలభై దాటినా నా బుర్రలో ఈ క్రమం మారలేదు. మారకపోవడం వల్లే ఇప్పుడీ కథ రాయవలసి వచ్చింది.

2023 మే నెలలో కాలేజీకి సెలవులిచ్చాక మా తమ్ముడు రమ్మంటే హాంబర్గు వెళ్ళాను. వాడు అక్కడ ఎనిమిదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. భార్యా, ఆరేళ్ళ కూతురూ. మా ఆవిడ రాలేదు. మా మామగారికి ఒంట్లో బాగా లేక ఆగిపోయింది. ఆవిడ రాకపోవడం ఒకందుకు నయమే అనుకున్నాను తరవాత. వచ్చి, ఆ రోజు జరిగింది కళ్ళారా చూసి వుంటే ఈనాటికీ నాకు వినిపిస్తూనే వుండేది. ఇప్పుడీ పత్రికలో ఎలాగూ చదువుతుంది గనక ఇక దాచేదేమీ లేదు.

పటంలో చూస్తే హాంబర్గు సముద్రపు ఒడ్డునే వున్నట్టుంటుంది గాని, సముద్రం అక్కడికి నూరు కిలోమీటర్ల పైనే. ఓడలు ఎల్బె నది పట్టుకుని అంత దూరమూ లోపలికి వస్తాయి. సముద్రపు పోటు కూడా వాటితోపాటే ఎక్కి వస్తుంది. రోజుకి రెండుసార్లు నది మట్టం మూడున్నర మీటర్ల దాకా లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. మన అఖండ గోదావరి చూసిన కళ్ళకి ఎల్బె ఏమంత ఆనదు. నేను మొదటిరోజే తమ్ముడితో, “ఇదేమిట్రా, దీన్ని మా కాలేజీ కుర్రాళ్ళు ఈదేస్తారు,” అన్నాను. వాడు నవ్వి వూరుకున్నాడు.

కాని ఆ నదిలో నడిచే ఓడల్ని చూశాక నోరు మూతపడింది. రాజమండ్రి కమానుల వంతెన మీదుగా రైల్లో వెళ్ళినవారికి చెబితే సులువుగా తెలుస్తుంది. ఆ వంతెనకి 28 కమానులు. ఒక్కొక్కటి 97 మీటర్ల పైచిలుకు. అలాంటి నాలుగు కమానులు వరసగా కోసి నీటి మీద వదిలితే ఎంత పొడుగో అంత పొడుగు వుంటుంది ఒక్క ఓడ. నాలుగు వందల మీటర్లు. వెడల్పు అరవై మీటర్లు. దాని మీద ఇనపపెట్టెలు, ఎర్రవీ నీలంవీ ఆకుపచ్చవీ, బొమ్మలకొలువులో మెట్లు పేర్చినట్టు పేర్చి వుంటాయి. నీళ్ళ కింద మరో పన్నెండు పదమూడు మీటర్లు మునిగి వుంటుందిట. అలాంటిది మనిషి గొంతెత్తితే వినబడేటంత దూరంలోంచి, చప్పుడు లేకుండా పోతుంది. లాంచీ టుకుటుకుమంటుంది గాని దీనికి ఆ లక్షణం లేదు. దూరాన ఎక్కడో పెద్ద తిరగలి తిరుగుతున్నట్టు గుండెలో ఒక అదురు, అంతే.

వేడెల్ అనే ఊళ్ళో నది ఒడ్డున ఓడలకి స్వాగతం చెప్పే చోటొకటి వుంది. 1952 నుంచి నడుస్తోంది. పెద్ద ఓడ వచ్చినప్పుడు అది ఏ దేశానిదో చూసి ఆ దేశపు జాతీయగీతం మోగిస్తారు. జనగణమన వినబడుతుందేమోనని గంటసేపు కూచున్నాం. వినబడలేదు. చిన్నది మాత్రం పోయే ప్రతి ఓడకీ లేచి నిలబడి సెల్యూట్ కొట్టింది.

ఆ మరుసటి సోమవారం, మే 29న, పెంతెకొస్తు పండగ సెలవు. ఎండ కాసింది. ఆ దేశంలో ఎండ కాస్తే ఇంట్లో కూచోవడం పాపం. మా మరదలు పులిహోర కలిపింది, పెరుగన్నం డబ్బాకెత్తింది. నలుగురం విట్టెన్‌బెర్గెన్ అనే చోటికి వెళ్ళాం. ఊరికి పడమట, గట్టు మీంచి మెట్లు దిగితే తెల్లని ఇసక, ఇసక మీద ఎర్రగీతల లైట్‌హౌస్. ఎదురుగా చెట్లతో ఒక లంక. లంకని చూసేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. “ఇదిగో, మన ఊరే ఇది!” అన్నాను. ఆ లంక అక్కడ వుండబట్టే ఓడల దారి ఇటు ఒడ్డుకి దగ్గరగా వచ్చిందని నాకు అప్పుడు తట్టలేదు.

ఇసకలో ఒక పలక పాతి వుంది. దాని మీద అలల బొమ్మ, జర్మను అక్షరాలు.

“ఏమిటమ్మా అది?” అన్నాను మరదలితో.

“సోగ్ ఉండ్ ష్వెల్ అని రాశారు, బావగారూ. ఓడలు వెళ్ళినప్పుడు నీళ్ళు లాగుతాయిట, తరవాత పొంగుతాయిట. ప్రాణాపాయం అని కూడా వుంది. పిల్లల్ని దగ్గరికి పోనివ్వకూడదు.”

నేను తెలుగు మేష్టర్ని. మాట దొరికితే మనిషిని వదిలేస్తాను. “లాగుడూ పొంగుడూ ఏమిటమ్మా, మనకి చక్కటి మాట వుంది, ఆటుపోట్లు. ఆటు అంటే నీరు తీయడం, పోటు అంటే ఎక్కడం. ముందు ఆటు, తరవాత పోటు,” అంటూ పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ ఓపిగ్గా విని, “అయినా చిన్నదాన్ని కాస్త చూస్తూ వుండండి,” అంది. “గోదావరి వరదల్లో ఈదినవాణ్ణి, నాకీ పిల్లకాలవ గురించి చెబుతావా!” అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆవిడా నవ్వింది. తరవాత చాలా రోజులు ఆ నవ్వు నాకు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం మూడు గంటలైంది. భోజనాలయ్యాయి. తమ్ముడు కళ్ళ మీద టోపీ వేసుకుని పడుకున్నాడు. మరదలు డబ్బాలు సర్దుతోంది. నేనూ చిన్నదీ నీళ్ళ వార ఇసకతో గుడి కడుతున్నాం. మాకు పక్కనే ఒక ముసలాయన మడతకుర్చీ వేసుకుని, గాలం వేసి కూచున్నాడు. చాలామంది వున్నారు ఒడ్డున. కుక్కలు, పిల్లలు, బంతులు.

ఎడమవైపు, ఊరివైపునుంచి ఓడ వచ్చింది. సముద్రానికి పోతోంది. ముసలాయన గాలం చుట్టి, కుర్చీ మడిచి, పది పదిహేను అడుగులు వెనక్కి వెళ్ళి మళ్ళీ వేసుకున్నాడు. ఇంకెవరో తమ చాప, బుట్ట ఎత్తి పైకి పట్టుకుపోయారు. చూశాను. చూసి, ఎండ తగుల్తోంది కాబోలు, నీడ చూసుకుంటున్నారు అనుకున్నాను. చదువుకున్నవాడికి ఏ ప్రశ్నకైనా జవాబు సిద్ధంగా వుంటుంది.

“పెదనాన్నా, సెల్యూట్!” అంది చిన్నది. ఇద్దరం నీటి అంచున నిలబడి సెల్యూట్ కొట్టాం. ఓడ ముక్కు మా ముందు నుంచి దాటింది. పెట్టెలు, పెట్టెలు, ఇంకా పెట్టెలు. నా మనసు అప్పటికే లంక రేవులో వుంది. “ఇది వెళ్ళాక అలలొస్తాయి చూడు, గెంతుదాం,” అన్నాను దానితో. అవును, నేనే అన్నాను.

అల రాలేదు. కాళ్ళ దగ్గర వున్న నీళ్ళు వెళ్ళిపోవడం మొదలుపెట్టాయి. తొందరేమీ లేదు. బిందెకి అడుగున చిల్లు పడితే ఎలా దిగుతాయో అలా దిగుతున్నాయి. ఇంతసేపూ నీళ్ళ కింద వున్న ఇసక బయటపడింది. దాని మీద నాచు పట్టిన రాళ్ళు, గవ్వలు, ఎవరిదో పాత టెన్నిసు బంతి. ఎండకి తళతళ మెరుస్తున్నాయి. పది గజాలు వెళ్ళాయి నీళ్ళు, పదిహేను గజాలు. చిన్నది, “బంతీ!” అని పరిగెత్తింది. నేను నవ్వుతూ చూస్తున్నాను. నీరు వెనక్కి పోతే అక్కడ నేల గట్టిదే గదా, భయమేముంది అనిపించింది. ఇంకా సిగ్గులేని మాట చెబుతాను: ఆ క్షణంలో నేను, ‘ఇదే గదా ఆటు’ అనుకున్నాను, నిఘంటువులో మాట కళ్ళ ముందు కనబడినందుకు సంతోషిస్తూ.

వెనకనుంచి ముసలాయన కేక వేశాడు. భాష తెలీదు గాని కేక ఏ భాషలోనైనా కేకే. అప్పుడు కూడా నేను ఓడవైపే చూశాను, కుడివైపు. ఓడ తోక దాటుతోంది. నీళ్ళు వచ్చింది ఎడమవైపునుంచి.

సముద్రపు అల నిలువుగా లేచి ఎదురుగా వస్తుంది. దాన్ని చూడ్డానికి వ్యవధి వుంటుంది. ఇది అలా కాదు. ఒడ్డు పొడుగునా, పక్కనుంచి, బూడిదరంగు నురగతో, కాలవ లాకులు ఒక్కసారి ఎత్తినట్టు పరిగెత్తుకొచ్చింది. నేను పరిగెత్తాను. చిన్నది బంతి పట్టుకుని నాకేసి తిరిగింది. దాని మొహంలో భయం కూడా లేదు, బంతి దొరికిన సంతోషమే వుంది. నీళ్ళు దాన్ని నడుము దగ్గర కొట్టాయి. పడిపోయింది. నేను దాని గౌను అందుకున్నాను. గౌను జారింది. జడ చేతికి దొరికింది. జడ పట్టుకుని నేనూ పడ్డాను.

నేను ఈదగలను. గోదావరి వాలుకి ఎలా పోవాలో, సుడిలోంచి ఎలా బయటపడాలో మా నాన్నగారు నేర్పారు. కాని అక్కడ ఈదడానికి ఏమీ లేదు. ఒక క్షణం ఛాతీలోతు, మరుక్షణం మోకాలిలోతు. మోకాలిలోతు నీరే మనిషిని ఈడ్చుకుపోతుందని అదివరకు ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. కాళ్ళ కింద ఇసక జారిపోతోంది. వచ్చిన నీళ్ళు తిరిగి పోతూ నన్ను లోపలికి లాగుతున్నాయి. నా వేళ్ళకి తెలిసిందల్లా ఆ జడ ఒక్కటే. రిబ్బను ఊడిపోవడం కూడా తెలిసింది.

ఎవరో నా చొక్కా కాలరు పట్టుకుని లాగారు. ముసలాయన. ఆ వెంటనే మా తమ్ముడు నడుంలోతు నీళ్ళలోకి వచ్చి పిల్లని ఎత్తుకున్నాడు. ఒడ్డున పడ్డాక చిన్నది దగ్గింది, నీళ్ళు కక్కింది, తరవాత ఏడ్చింది. ఏడుపు వినగానే మా మరదలు మోకాళ్ళ మీద కూలబడింది. నా కళ్ళజోడు, చెప్పులు, తమ్ముడు తెచ్చిన చాప పోయాయి. మేం కట్టిన గుడి ఆనవాలు కూడా లేదు. చుట్టూ చూస్తే నీళ్ళు ఎప్పటిలాగే వున్నాయి. కుక్కలు తిరుగుతున్నాయి. మొత్తం మీద రెండు మూడు నిమిషాలు పట్టి వుంటుంది. ఓడ చాలా దూరం పోయింది. అందులోవారెవరికీ తెలిసి వుండదు.

“ఓడని కాదు, నీళ్ళని చూస్తూ వుండాలి అంటున్నాడు అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు, ముసలాయన మాట నాకు చెబుతూ. ఇద్దరం ఆయనకి దణ్ణం పెట్టాం. ఆయన సిగ్గుపడి మళ్ళీ గాలం వేసుకున్నాడు.

ఇంటికి వెళ్ళేదాకా ఎవరూ మాట్లాడలేదు. మా మరదలు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. రాత్రి చిన్నది నిద్రపోయే ముందు, “పెదనాన్నా, బంతి పోయింది,” అంది. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగు పోదు. ఆ వెలుగులో నేను వంటింట్లో కూచుని, ఇంకా ఆ జడ చేతిలో వున్నట్టు గుప్పిట మూసుకుని తెరుచుకుంటున్నాను.

తమ్ముడు ఇంజనీరు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, రొట్టెలు కాల్చే పొడుగాటి ఇనప పళ్ళెం తెచ్చి, అందులో నీళ్ళు పోశాడు. ఒక పక్కన తడిపిన గోధుమపిండితో ఏటవాలుగా ఒడ్డు కట్టాడు. నీటి అంచున, పిండి మీద, పది ఆవగింజలు పెట్టాడు. సబ్బుపెట్టెలో రాయి వేసి, ముప్పాతిక మునిగేలా నీళ్ళలో వదిలి, “చూడు,” అని ఇవతలినుంచి అవతలికి జరిపాడు. పెట్టె దగ్గరికి రాగానే అంచున నీళ్ళు వెనక్కి తీశాయి. ఆవగింజలు నీళ్ళవెంట దొర్లాయి. పెట్టె దాటగానే నీళ్ళు తిరిగి వచ్చి పిండి మీదికి ఎక్కాయి. కొన్ని గింజల్ని పైకి విసిరాయి.

“నది ఒక కాలవ అనుకో, ఓడ దాని మధ్య దిగేసిన దుంగ అనుకో. దుంగ ముందుకు పోవాలంటే దాని ముందున్న నీళ్ళు వెనక్కి రావాలి. ఎటునుంచి వస్తాయి? పక్కలనుంచి, అడుగునుంచి. అక్కడ సందు తక్కువ. ఇరుకులోంచి నీళ్ళు ఉరికితే మట్టం పడిపోతుంది. మన తూముల దగ్గర చూడలేదూ?”

చూశాను. మా పొలాల కాలవ మీద తూము ముందు నీళ్ళు నిండుగా వుంటాయి. తూములోకి ఉరికేచోట గుంట పడినట్టు దిగుతాయి. కాబట్టి ఓడ తన చుట్టూ ఒక పల్లం వెంటబెట్టుకుని పోతుంది. ఆ పల్లం ఒడ్డుదాకా సాగితే ఒడ్డున నీరు తీస్తుంది. ఓడ తోక దాటగానే పల్లం నిండాలి. నిండడానికి నీళ్ళు వెనకనుంచి పరిగెత్తుకొస్తాయి. మా చిన్ననాటి లాంచీకి కూడా ఈ పల్లం వుండే వుంటుంది. కాని అంత ఏట్లో ఆ లాంచీ ఎంత? సముద్రంలో వేసిన కొబ్బరిచిప్ప. పల్లం మాకు తెలియలేదు, దాని తరవాతి చిన్న అలలే తెలిశాయి. ఆ పల్లంలో ఓడ కూడా దిగుతుంది. ఓడ నడిపేవారికి ఇది బాగా తెలుసు, దానికి స్క్వాట్ అని పేరు. లోతు తక్కువైన చోట జోరుగా పోతే ఓడ అడుగు నేలకి తగిలే ప్రమాదం వుంటుంది.

నాలుగు వందల మీటర్ల ఓడ గంటకి 18 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. ఒక మనిషి ముందునుంచి దాటడానికి దానికి ఎనభై సెకండ్లు పడుతుంది. ఆరేళ్ళ పిల్ల బంతికోసం ఎంత దూరం పోగలదో అంత వ్యవధి.

“మరి నువ్వెన్నోసార్లు వెళ్ళావుగా అక్కడికి, ఎప్పుడూ ఇలా కాలేదా?” అన్నాను.

“లేదు. అదే వచ్చిన చిక్కు,” అన్నాడు. ఓడ వేగం కాస్త పెరిగితే చాలు, పల్లం దానికి మించి పెరుగుతుందిట. ఓడ ఎంత మునిగింది, ఒడ్డుకి ఎంత దగ్గరగా పోయింది, ఆ వేళ నదిలో నీరు ఎంత వుంది, ఇసక వాలు ఎలా వుంది, ఇవన్నీ కలవాలి. పది ఓడలు చీలమండ తడిపి పోతాయి. పదకొండోదానికి అన్నీ కలుస్తాయి. మొదటి పది ఓడల్ని చూసినవాడికి పదకొండోదాని మీద ధైర్యం వుంటుంది. నా ధైర్యం అయితే ఓడల్ని చూసి కూడా వచ్చింది కాదు, లాంచీని చూసి వచ్చింది.

మా మరదలు ఎప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడిందో తెలీదు. పళ్ళెం మీదికి వంగి ఆవగింజలు లెక్కపెట్టింది. “తొమ్మిదే వున్నాయి,” అంది. లైటు వేసి వెతికాం. పదోది దొరకలేదు. పళ్ళెం కడిగేసి వెళ్ళి పడుకుంది.

ఆ తరవాత వారం రోజులు నాకు ఇదే ధ్యాస. నిద్ర రాని మనిషి ఏదో ఒకటి చదువుతాడు. ఇలా నీళ్ళని చూసి ఆశ్చర్యపోయినవాడు ఒకాయన ముందే వున్నాడని తెలిసి కాస్త ఊరట కలిగింది. 1834లో ఎడింబరో దగ్గర కాలవలో గుర్రాలు ఒక పడవని లాగుతున్నాయి. స్కాట్ రసెల్ అనే ఇంజనీరు చూస్తున్నాడు. పడవ హఠాత్తుగా ఆగింది. పడవ ఆగినా అది కదిపిన నీళ్ళు ఆగలేదు. ముక్కు దగ్గర కుప్పపడి, ఒక్క అలగా, అడుగూ అడుగున్నర ఎత్తున, కాలవ వెంట తమంతట తామే పోయాయి. ఆయన గుర్రమెక్కి ఆ అలని వెంబడించాడు. మైలో రెండు మైళ్ళో పోయాక కాలవ మలుపుల్లో అది కనబడకుండా పోయింది. ఆ ఒక్క అల మీద తరవాత పెద్ద శాస్త్రమే లేచింది. నాకు నచ్చిందల్లా ఆయన గుర్రమెక్కడం. నేనైతే దానికి తెలుగు మాట ఏమిటా అని అక్కడే నిలబడి వుండేవాణ్ణి.

అమెరికాలో కొలంబియా నది వుంది. అక్కడ కూడా సముద్రపు ఓడలు నది వెంట లోపలికి వస్తాయి. నది వారల్లో పల్చటి నీళ్ళలో సాల్మన్ చేపపిల్లలు తిరుగుతుంటాయి. ఓడ దాటాక నీరు ఒడ్డెక్కి తిరిగి తీసేసరికి కొన్ని పిల్లలు ఇసక మీద మిగిలిపోతాయి. ఏ ఓడకి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూసిన శాస్త్రజ్ఞులున్నారు. నీళ్ళలోనే పుట్టి నీళ్ళలోనే పెరిగే చేపకే తెలియలేదు గదా అనుకున్నాను. ఇది చదివిన రాత్రి కాస్త నిద్ర పట్టింది.

ఎల్బెని 1999లో లోతు చేశారు. 2019లో మొదలుపెట్టి మళ్ళీ లోతు చేశారు, పెద్ద ఓడలకోసం. మేం కూచున్న ఆ విట్టెన్‌బెర్గెన్ దగ్గరే, వేడెల్ దాకా, రెండు పెద్ద ఓడలు ఎదురుపడితే తప్పుకోవడానికి వీలుగా ఓడదారిని 385 మీటర్లకి వెడల్పు చేశారు. 2016 ఫిబ్రవరి 3న ‘సి.ఎస్.సి.ఎల్. ఇండియన్ ఓషన్’ అనే నాలుగు వందల మీటర్ల ఓడ స్టాడె ఊరి దగ్గర ఏట్లో ఇరుక్కుపోయింది. ఆరు రోజులు తవ్వి, టగ్గులు పెట్టి లాగితే గాని కదల్లేదు. హిందూ మహాసముద్రమని పేరు పెట్టుకుని నదిలో చిక్కుకోవడం కొంచెం నవ్వుగానే వుంది. ఆ రోజుల్లో తీర్థానికి వెళ్ళినట్టు జనం గట్ల మీదికి వెళ్ళి చూశారుట. కదలని ఓడని చూడడం క్షేమమే.

పది రోజులు గడిచాక, మళ్ళీ ఇసకకి వెళ్దామని చిన్నదే పేచీ పెట్టింది. మా మరదలు వద్దంది. తరవాత తనే, “పదండి, భయంతో వుండిపోకూడదు,” అంది. ఈసారి మెట్ల దగ్గర, గట్టుకి ఆనుకుని చాప వేశాం. ముసలాయన కనబడలేదు. నేను కొత్త కళ్ళజోడుతో గడియారం పట్టుకుని కూచున్నాను. మొదటి ఓడ చాలా పెద్దది, నెమ్మదిగా పోయింది. నీళ్ళు జానెడు తీశాయో లేదో. గంట తరవాత ఇంకోటి వచ్చింది, దానికంటే చిన్నది, జోరు మీద వుంది. ముక్కు ఎదురుగా రాగానే నీళ్ళు నాలుగు వేళ్ళు లేచాయి. ఆ తరవాత దిగడం మొదలైంది. అదే రాళ్ళు, అదే నాచు బయటపడ్డాయి. అంకెలు లెక్కపెట్టాను. యాభై రెండు దగ్గర తోక దాటింది, యాభై ఎనిమిది దగ్గర నీళ్ళు ఎడమవైపునుంచి వచ్చాయి. నీటి వార ఎవరో కుర్రవాడూ అమ్మాయీ ఫోటోలు తీసుకుంటున్నారు. తమ్ముడు ముందే వెళ్ళి చెప్పాడు. వాళ్ళు మర్యాదగా విని, రెండడుగులు వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకే వచ్చారు. మోకాళ్ళ దాకా తడిసి కేరింతలు కొట్టారు. చిన్న అలే అది. వాళ్ళకి మేం పిరికివాళ్ళలా కనబడి వుంటాం. నేను వాళ్ళని ఏమనగలను?

చిన్నది మాత్రం నా ఒళ్ళో కూచుని, నేను లెక్కపెడుతున్నంతసేపూ తనూ లెక్కపెట్టింది, జర్మనులో.

2024 సంక్రాంతికి వాళ్ళు రాజమండ్రి వచ్చారు. భోగి మర్నాడు సాయంత్రం అందరం పుష్కరఘాటుకి వెళ్ళాం. మా ఆవిడ దీపం వదుల్తానంది. నేను ఆఖరిమెట్టు మీద, కాళ్ళకి నీళ్ళు తగిలేలా నిలబడి, అదిగో కమానుల వంతెన, ఇదిగో పాత వంతెన అని చిన్నదానికి చూపిస్తున్నాను. యాత్రికుల లాంచీ ఒకటి పాటలు పెట్టుకుని ముందునుంచి వెళ్ళింది. చిన్నది వంతెన చూడ్డం లేదు. వంగి, నా కాళ్ళకేసి చూస్తోంది.

“పెదనాన్నా, నీళ్ళు వెళ్తున్నాయి.”

“గోదారమ్మ తల్లీ, ఇక్కడేం భయం లేదు,” అంది మా ఆవిడ, దీపం చేత్తో పట్టుకుని.

నేనూ వంగి చూశాను. నిజమే. మెట్టు మీద తడి అంచు ఒక్క అంగుళం, అంతకంటే లేదు, కిందికి దిగింది. నలభై ఏళ్ళుగా అక్కడ నిలబడుతున్నాను, ఎప్పుడూ చూడలేదు. చిన్నది నా వేలు పట్టుకుని పైకి లాగింది. పక్కనున్న పడవవాడు నవ్వుతున్నాడు. దానితోపాటు రెండు మెట్లు ఎక్కి నిలబడ్డాను. అది లెక్కపెట్టడం మొదలుపెట్టింది.